నాన్న ఖాకీ, అమ్మ కత్తెర

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. గుడివాడ డిపో. అక్కడ ఖాకీ గుడ్డ ఇచ్చిన రోజు నాన్న ఆ పొట్లం తెచ్చి మంచం మీద పెడితే, అమ్మ చూపు మాత్రం దండెం మీదున్న పాత ఫ్యాంటు మీదికి పోయేది. దాన్ని దించి, తిరగేసి, కిటికీ వెలుతురుకి పట్టి, ఎక్కడ పలచబడిందో ఎక్కడ ఇంకా దిట్టంగా ఉందో తడిమి చూసి, "ఎడమ కాలు బాగుందండీ" అనేది. రోగిని చూసి బయటికొచ్చిన డాక్టరు చెప్పినట్టు ఉండేది ఆ మాట. నాన్న కూడా "హమ్మయ్య" అనేవాడు.

ఎప్పుడూ ఎడమ కాలే ఎందుకు బాగుంటుందో నాకు చాలా ఏళ్ళు తెలీదు. నాన్న డబ్బుల తోలుసంచీ కుడిపక్కకి వేలాడేది. బందరు రోడ్డు గతుకుల్లో అది రోజంతా తొడకి రాసుకుని రాసుకుని అక్కడ ఖాకీ ముందు నునుపెక్కేది, తర్వాత పలచబడేది, చివరికి జల్లెడయ్యేది. సంచీ పట్టీ ఎడమ భుజం మీద పడేది కాబట్టి చొక్కాకి అక్కడ చిరిగేది. అంటే నాన్న ఏ పని చేస్తాడో చెప్పకుండానే ఆయన బట్టలు చూసి చెప్పెయ్యొచ్చు. అమ్మకి ఆ లెక్క కంఠతా వచ్చు. చొక్కా కుడి భుజం, ఫ్యాంటు ఎడమ కాలు, రెండు చేతుల కింది భాగం, వీపు: ఇవి పనికొచ్చేవి. మిగతావి మసిగుడ్డలు.

1980లో నేను ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ ఎడమ కాలు నా పుస్తకాల సంచీ అయింది.

అది ఎలా కుట్టిందో చెప్పాలి. ఫ్యాంటు కాలిని తొడ దగ్గర అడ్డంగా కోసి, పక్క కుట్టు విప్పి, వెడల్పుగా పరిచి, రెండు మడతలు పెట్టి ఒళ్ళు తయారు చేసింది. అడుగుకి మళ్ళీ ఇంకో పొర వేసింది, పుస్తకాల మూలలు పొడుచుకు రాకుండా. వెనక జేబుని ఊడదీయకుండా చుట్టూ కోసి, దాన్ని జేబుగానే తెచ్చి సంచీ ముందు వేసి కుట్టింది. పెన్సిలు, రబ్బరు, స్కేలు ముక్క అందులోకి. ఇక భుజానికి వేసుకునే పట్టీకి నడుం పట్టీనే వాడింది, బెల్టు దూర్చే లూపులతో సహా. "ఇవెందుకమ్మా, తీసెయ్" అని నేను ఏడుపు మొహం పెడితే, "వానాకాలం గొడుగు దూర్చుకోవచ్చు, ఉండనీ" అంది.

మా ఇంట్లో ఉన్నది ఉషా కాలి మిషను, కలకత్తాలో తయారైంది, నల్లటి ఒంటి మీద బంగారు రంగు అక్షరాలు. తాతయ్య పెళ్ళికి ఇచ్చిన సొత్తు. దానికి మామూలుగా పద్నాలుగో నెంబరు సూది ఉండేది. ఖాకీ నాలుగు పొరలు ఒక్కచోట పడ్డ చోట ఆ సూది చచ్చినా దిగదు. పదహారు వెయ్యాలి. ఆ రోజు ఇంట్లో పదహారు లేదు. అమ్మ తొక్కడం ఆపేసి, కుడిచేత్తో చక్రం మెల్లగా తిప్పుతూ ఒక్కో కుట్టూ దింపింది. టక్. మళ్ళీ టక్. అయినా పట్టీ అతికే మూలలో సూది పుటుక్కున విరిగి ముక్క ఎగిరి ఎక్కడో పడింది. అది దొరికేదాకా నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. అయస్కాంతం తెచ్చి చాపంతా ఊడ్చినట్టు తిప్పింది. చివరికి ఆ మూల దబ్బనంతో చేత్తోనే కుట్టింది, గోనెసంచులు కుట్టినట్టు. సంచీ మొత్తంలో ఆ ఒక్క మూలే వంకర. ఆ ఒక్క మూలే చివరిదాకా ఊడలేదు.

బడిలో మొదటి రోజే గుర్తుపట్టేశారు. గుడివాడలో ఖాకీ రంగు ఎవరికి తెలీదు? నేను గుమ్మం దాటగానే వెనక బెంచీ నుంచి "రైట్... రైట్!" అని ఒకమ్మాయి అరిచింది. ఇంకో అమ్మాయి "టికెట్, టికెట్" అంది. క్లాసంతా నవ్వు. నాకు రెక్సిన్ సంచీ కావాలి. నీలం రంగుది, పైన జిప్పు ఉన్నది. ఆ సాయంత్రం అన్నం తినకుండా అలిగి పడుకున్నాను. నాన్న డ్యూటీ దిగి వచ్చాక అమ్మ చెప్పిందేమో, మంచం దగ్గరికొచ్చి కూర్చుని, "ఏమ్మా, హోల్డాన్ అనలేదా నువ్వు?" అన్నాడు. బస్సు ఆపమని కండక్టర్లు అరిచే మాట అది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా కోపమొచ్చింది. మర్నాడు మాత్రం ఆ పిల్ల "రైట్ రైట్" అనగానే నేను "హోల్డాన్!" అన్నాను. దాంతో ఆ ఆట నాలుగు రోజుల్లో పాతబడిపోయింది. సంచీ మాత్రం మూడేళ్ళు నడిచింది. తర్వాత చింతపండు, ఎండుమిరపకాయలు తెచ్చుకునే సంచీ అయి, ఇంకో ఆరేడేళ్ళు బజారుకెళ్ళింది.

*

మా ఇంట్లో ఏ బట్టకైనా చిరగకముందే తర్వాతి ఉద్యోగం ఖాయమై ఉండేది. చీరనే తీసుకోండి. ముందు పేరంటాలకి, తర్వాత ఇంట్లో కట్టు. అంచు పీలికలయ్యాక చంటిపిల్ల ఉంటే ఉయ్యాల, లేకపోతే వేసవిలో మేడ మీద వడియాల చీర. పిండి మరకలు పడి గట్టిపడ్డాక దాన్ని బాగా ఉతికి, గంజి అంతా పోగొట్టి, బొంత లోపలి పొరకి దాచేది. బొంతకి ఆనని ముక్కలు చేతిగుడ్డలు. నాన్న పాత పంచెలైతే ఇంకా గౌరవం. పాలు, మజ్జిగ వడపోతకి కొన్ని, పురిటి గుడ్డలకి కొన్ని. పుట్టిన బిడ్డకి కొత్త బట్ట వెయ్యకూడదు కదా, పురుడు వెళ్ళేదాకా పాతవే. శాస్త్రం సంగతి అటుంచితే, యాభై ఉతుకులు తిన్న పంచె కన్నా మెత్తటిది బజారులో దొరుకుతుందా?

నా పరికిణీలకి అడుగున మూడేసి టక్కులు పెట్టి కుట్టేది. ఏడాదికో టక్కు విప్పేది. విప్పిన చోట గుడ్డ రంగు వెలవకుండా కొత్తగా ఉండేది కాబట్టి, పరికిణీ చూసి నా వయసు లెక్కపెట్టొచ్చు, చెట్టు మాను కోసి చూసినట్టు. మూడు టక్కులూ అయిపోయాక కింద వేరే రంగు గుడ్డతో అంచు. ఇంకా పొడవు చాలకపోతే నడుం దగ్గర ముక్క. ఆ ముక్క జాకెట్టు కింద దాగుతుందని అమ్మ ధీమా. చేతులు పైకెత్తితే కనబడుతుందని నా బాధ. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యెత్తని రోజులున్నాయి.

వీధిలోకి స్టీలు సామాన్ల ఆమె వచ్చేది, నెత్తిన గంప, చంకన పాతబట్టల మూట. అమ్మకీ ఆమెకీ జరిగే బేరం చూడాలి. నూలు బట్ట ఒక్కటి కూడా అమ్మ ఇచ్చేది కాదు. టెర్లిన్ చొక్కాలు, టెరికాట్ ఫ్యాంట్లు మాత్రం ముందుకి తోసేది. ఆమెకీ అవే కావాలి, మారకానికి వెళ్ళేవి అవే. అందుకని ఇద్దరూ గెలిచినట్టే మొహాలు పెట్టేవాళ్ళు. నాకు తెలిసి ఆ బేరంలో అమ్మ ఒక్కసారే ఓడింది, నాలుగు చొక్కాలకి మూత లేని గిన్నె పుచ్చుకుని.

టెరికాట్ మీద అమ్మకి ఆ కక్ష ఊరికే రాలేదు. మొదట్లో మావయ్య ఇచ్చిన టెరికాట్ చొక్కా ఒకటి చాలా బాగుందని ముచ్చటపడి, నాలుగు మడతలు పెట్టి, చుట్టూ గొలుసుకుట్టు వేసి, వంటింట్లో గిన్నెలు దించే గుడ్డ చేసింది. అన్నం గిన్నె దించబోతే కిరసనాయిలు స్టవ్వు మంట తగిలి గుడ్డ కరిగి వేళ్ళకి అతుక్కుంది. టెరికాట్‌లో నూలుతో కలిపేది పాలిస్టరు దారమనీ, దాన్ని 1941లో ఇంగ్లండులో తయారుచేశారనీ, అది నూలులా బూడిద కాదనీ, మైనంలా కరుగుతుందనీ నాకు కాలేజీలో తెలిసింది. అమ్మకి రెండు వేళ్ళు బొబ్బలెక్కాక తెలిసింది. ఆ తర్వాత ఏ గుడ్డయినా వంటింట్లోకి రావాలంటే ముందు ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించి చూసేది. బూడిదై రాలితే లోపలికి. ఉండ కడితే స్టీలు సామాన్ల గంపలోకి.

*

ఇక బొంత. పేపరువాళ్ళు కూటమి ప్రభుత్వం వచ్చినప్పుడల్లా "అతుకుల బొంత" అని రాస్తుంటారు. రాసేవాళ్ళలో ఎవరూ బొంత కుట్టి ఉండరని నా గట్టి నమ్మకం. బొంతలో ముందుగా చిరిగేది అతుకు కాదు, అతుకు పక్కనున్న గుడ్డ. అతుకు దగ్గర రెండు మడతలు, రెండు వరసల కుట్టు ఉంటాయి. నాయకులకి ఆ మాత్రం కుట్టు పడితే ఐదేళ్ళు సుఖంగా నడుస్తుంది.

మా ఇంట్లో ఇప్పటికీ ఉన్న బొంత 1978లో కుట్టింది. దాని కథ అంతకుముందు ఏడాది మొదలవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గాలి చప్పుడు, పైకప్పు పెంకులు లేచిపోవడం, నాన్న ఆ రాత్రి ఇంటికి రాకపోవడం, ఇవే గుర్తు. తర్వాత రెండు మూడు రోజులకి వీధుల్లోకి లారీ వచ్చింది, అవనిగడ్డ వైపు జనానికి బట్టలు కావాలని. అప్పటికే నాన్న వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు. చెప్పింది నా ముందు కాదు, కానీ నేను విన్నాను. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, బొంతకని ఏళ్ళ తరబడి ఉతికి మడిచి దాచిన చీరలన్నీ మూటకట్టి లారీ ఎక్కించింది. మంచివి రెండు కూడా అందులో వేసింది. "చిరిగినవి ఎలా ఇస్తామండీ, కట్టుకునే వాళ్ళకి" అని అవి పైన కనబడేలా పెట్టింది.

అందువల్ల మరుసటేడు తమ్ముడు పుట్టి, నాకూ వాడికీ కప్పుకోవడానికి బొంత కావాల్సి వచ్చేసరికి పెట్టె ఖాళీ. లోపలి పొరలకి అమ్మమ్మ తన తెల్లచీరలు రెండు పంపింది. అమ్మ తన పెళ్ళినాటి మధుపర్కం తీసింది. పసుపు రంగు ఏనాడో పోయి, ఎర్ర అంచు మాత్రం మిగిలిన చీర. పైపొరకి ముక్కలు తెచ్చింది మాత్రం నాన్న.

నాన్న తిరిగేది గుడివాడ-బందరు, గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా. పెడన అంటే అప్పట్లో ప్రతి నాలుగో ఇంట్లో కలంకారీ అద్దకం బల్ల ఉన్నట్టుండేది. టేకు చెక్క అచ్చులు, కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన గుడ్డ, నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళు, ఎరుపు పట్టడానికి పటిక. అచ్చు జరిగిపోయినవి, రంగు తేడా పడ్డవి, చివర మిగిలినవి వాళ్ళు ముక్కలుగా తూచి అమ్మేవాళ్ళు. రోజూ బస్సెక్కే అద్దకం పనివాడు ఒకాయన నాన్నకి ఒక కట్ట ఇచ్చాడట. డబ్బు పుచ్చుకోలేదట. "టికెట్టు మాత్రం కొట్టాను" అని నాన్న అమ్మకి చెప్పడం నాకు బాగా గుర్తు. ఆ కట్ట విప్పగానే ఇల్లంతా పులిసిన బెల్లం వాసన. నెమళ్ళు, మామిడి పిందెలు, తీగలు, సగం ఏనుగు. ఏనుగు వెనక సగమే ఉంది, తొండం ఏ ఊరి చీర మీదికి పోయిందో.

అమ్మ ప్రతి ముక్కనీ తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసింది. సహజ రంగులు దిగలేదు. ఒకే ఒక గులాబీరంగు ముక్క, అది బజారు రంగుదట, పరీక్ష తప్పించుకుంది. మొదటి ఉతుకులోనే పక్కనున్న పంచె ముక్కని గులాబీ చేసింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. తమ్ముడు చిన్నప్పుడు దాన్ని పటంలో సముద్రం అనుకునేవాడు.

కుట్టే రోజు నట్టింట్లో చాప పరిచి, దాని మీద నాలుగు పొరలు పరిచి, మూలలకి పొత్రం, ఇస్త్రీపెట్టె, రోకలి, నాన్న ట్రాన్సిస్టరు బరువులు పెట్టింది. ముందు బారెడు బారెడు కుట్లతో పొరలన్నీ కదలకుండా బిగించింది. ఆ తర్వాత అసలు కుట్టు. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ అంతా మధ్యకి జరిగి పొట్ట వస్తుంది. అందుకని నడిమధ్య నుంచి మొదలుపెట్టి చదరాలు చదరాలుగా బయటికి రావాలి. దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే మెలిపడదు. ఎడమచెయ్యి బొంత కింద ఉంటుంది, సూది మొన తగిలిందో లేదో ఆ వేలికి తెలియాలి. తెలిసిన గుర్తుగా అమ్మ ఎడమచేతి చూపుడువేలు కొస ఎప్పుడూ గరుగ్గా ఉండేది, మా జుట్టు దువ్వేటప్పుడు చిక్కుకునేది.

నాకూ ఒక సూది ఇచ్చింది. నా కుట్లు పెద్దవి, వంకరవి. రాత్రి నేను పడుకున్నాక విప్పి మళ్ళీ కుట్టేస్తుందని అనుమానం వచ్చి నా వరస చివర చిన్న ముడి గుర్తు పెట్టుకున్నాను. పొద్దున్న చూస్తే ముడి అలాగే ఉంది. నాలుగు కాళ్ళ జెర్రిలా ఆ వరస ఇప్పటికీ ఏనుగు కడుపు మీదుగా పాకుతూ ఉంటుంది. చుట్టూ అంచుకి ఏం వేసిందో చెప్పక్కర్లేదు. ఖాకీ. అదీ ఎడమ కాలే.

సాయంత్రం దీపం పెట్టే వేళకి సూది ఎత్తిపెట్టేసేది. పొద్దుపోయాక సూది ఒకరి దగ్గర అడక్కూడదు, ఒకరికి ఇవ్వకూడదు. ఒంటి మీదున్న బట్ట ఒంటి మీదే కుట్టకూడదు. ఇలాంటివి అమ్మ దగ్గర బోలెడు. అసలు పొద్దున్నయినా సరే, ఎవరింటికీ వెళ్ళి చెయ్యి చాపడం అమ్మకి చేతకాదు. కప్పు పంచదార అయిపోతే ఆ పూట మాకు బెల్లం కాఫీయే.

*

నాన్న పోయి తొమ్మిదేళ్ళు. అమ్మ ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గర ఉంటోంది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది కానీ సన్నపనికి చూపు ఆనదు. ఉషా మిషను తమ్ముడింట్లో ఉంది, దాని మీద మొక్కల కుండీలు పెట్టుకున్నారు. అమ్మ అది చూసి ఏమీ అనలేదు. కుండీ కింద పళ్ళెం పెట్టమంది, నీళ్ళు కారి తుప్పు పడుతుందని.

మా అమ్మాయి కిందటి నెల పాత జీన్స్‌తో ఒక సంచీ కుట్టించుకుని వచ్చింది. బ్లవుజులు కుట్టే అతను మూడువందల యాభై తీసుకున్నాడట. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమి, "అడుగుకి రెండో పొర వెయ్యలేదే" అంది. తర్వాత, "లూపులు తీసేశాడు" అంది.

ఆ ఊపులోనే బొంత దించాను. ఒక పక్క పొరలు విడిపోయాయి, బాగు చెయ్యాలి. ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం. నేను చూసి చెప్పకుండానే అమ్మ వేళ్ళతో చదువుకుంటూ పోతోంది. ఇది పెడనది. ఇది మీ నాన్న పంచె. ఇది నీ అన్నప్రాసన గౌను, చూడు, ముడికుట్టు పువ్వు చేతికి తగుల్తోంది. ఇది ఖాకీ. ఇలా వస్తూ వస్తూ కింది మూల దగ్గర ఆగింది. జానెడు ముక్క, నీలం వాయిలు మీద తెల్లచుక్కలు. ఇన్నేళ్ళూ కప్పుకున్నాను, దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఇదెవరిదమ్మా? నీకిలాంటి చీర ఉండేదా?"

"అది మనది కాదే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పింది. "ఆ మూలకి జానెడు తక్కువొచ్చింది. పెట్టె ఊడ్చినా ఏమీ లేదు. పక్కింటి పిన్నిగారిని అడిగాను. పొద్దుపోయింది కూడాను, అయినా వెళ్ళాను. ముక్కకి ముక్క తిరిగిచ్చేస్తానన్నాను. ఆవిడ నవ్వి, చీరలోంచే చింపి ఇచ్చింది. మరుసటేడు వాళ్ళకి బదిలీ అయిపోయింది."

"ఇచ్చావా మరి?"

"ఎక్కడిచ్చానూ! సామాను లారీ కదిలేదాకా గుర్తే రాలేదు."

ఏ ఊరు వెళ్ళారని అడిగాను. తాడేపల్లిగూడెం అన్నట్టు గుర్తు అంది. ఆ ముక్క అంచు ఒకచోట లేచి ఉంది. దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని, "సూదిలో దారం ఎక్కించి ఇటివ్వు. ఇది నేను కుడతాను. నువ్వు ఆ ఏనుగు దగ్గర చూసుకో" అంది.

ఎక్కించి ఇచ్చాను. అప్పుడు టైము నాలుగున్నర. పొద్దు గుంకేలోపు అయిపోవాలంది.